గోదావరి ఒండ్రులో ఒకనాటి సూక్ష్మజీవులు: చెరిగిన అక్షరాలే ఆధారం

కోనసీమలో బోరు దించేటప్పుడు పనివాళ్లు గొట్టంలోంచి వచ్చిన మట్టిని లోతు వారీగా వరుసగా కుప్పలు పెడతారు. నిరుడు రాజోలు దగ్గర ఒక పెరట్లో ఆ కుప్పల పక్కన చాలాసేపు కూర్చున్నాను. మొదటిది గోధుమరంగు ఒండ్రు, తర్వాత ఇసుక, ఇంకా దిగాక జిగురుగా ఉన్న నల్లటి బంకమట్టి. అందులో తెల్లటి గుల్లల ముక్కలున్నాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోంది. ఒక ముద్ద తీసి అరచేతిలో పెట్టుకుంటే, గాలి తగిలిన పైభాగం చూస్తుండగానే బూడిదరంగుకు తిరిగింది. విరిచి చూస్తే లోపల నలుపు అలాగే ఉంది. "ఇది సముద్రం మట్టండీ, ఇక్కడ ఆపితే ఉప్పునీళ్లే" అన్నాడు మేస్త్రి.

ఆయన మాట నిజం. సుమారు 6,000-7,000 ఏళ్ల కిందట సముద్రమట్టం దాదాపు ఇప్పటి స్థాయికి వచ్చి నిలిచాక, గోదావరి మోసుకొచ్చిన ఒండ్రుతో తీరం మెల్లగా ముందుకు జరిగింది. ఇవాళ సముద్రానికి ఎంతో దూరంలో, కొబ్బరి తోటల మధ్య కనిపించే ఇసుక దిబ్బల వరుసలు ఒకప్పటి తీరరేఖలే. ఆ నల్లమట్టి అప్పటి ఉప్పుటేరు అడుగునో, మడ చెట్ల మొదళ్లలోనో పేరుకున్న బురద. దాని వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఆక్సిజన్ అందని చోట, సముద్రపు నీటిలోని సల్ఫేట్‌తో శ్వాసించే బాక్టీరియా ఆ వాయువును వదులుతాయి, అది ఇనుముతో కలిసి మట్టిని నల్లబరుస్తుంది. అయితే ఆ వాసన పుట్టించినవి బురద పేరుకున్న నాటి బాక్టీరియానా, ఇప్పటికీ అందులో బతుకుతున్నవా? ముక్కు ఈ తేడా చెప్పలేదు. మట్టిలో మిగిలిన డీఎన్‌ఏను చదివి ఒకనాటి సూక్ష్మజీవుల సముదాయాన్ని తిరిగి కూర్చే శాస్త్రానికి అన్నిటికంటే కఠినమైన చిక్కు ఇక్కడే ఉంది.

సముదాయం అనే మాటను కొంచెం విప్పి చూడాలి. పెరుగు తోడులో ఉండేది ఒకే రకం బాక్టీరియా కాదు, కొన్ని రకాల పొత్తు. ఆ పొత్తులో పాళ్లు మారితే పాలు అవే అయినా పెరుగు రుచి మారుతుంది. ఒక గ్రాము బురదలో కోట్ల కణాలు, లెక్కకు మించిన రకాలు ఉంటాయి. వాటిలో ఒకటి విడిచిన వ్యర్థం మరొకదానికి ఆహారం. రాలిన మడ ఆకును కొన్ని బాక్టీరియా పులియబెట్టి హైడ్రోజన్, ఎసిటేట్ వదులుతాయి. సముద్రపు నీరు చేరే చోట ఆ రెండింటినీ సల్ఫేట్ వాడే బాక్టీరియా ముందుగా అందుకుంటాయి. సల్ఫేట్ తక్కువగా ఉండే మంచినీటి బురదలో అవి మీథేన్ తయారుచేసే ఆర్కియా పాలవుతాయి. ఆర్కియా బాక్టీరియా లాగే కనిపించినా వేరే వంశమని 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ తేల్చారు. కృష్ణా-గోదావరి తీరానికి ఆవల సముద్రగర్భంలో 2006లో జోయిడెస్ రిజల్యూషన్ నౌక తవ్వి చూసిన గ్యాస్ హైడ్రేట్లలోని (నీటితో కలిసి మంచులా గడ్డకట్టిన వాయువు) మీథేన్‌లో అధిక భాగం ఈ ఆర్కియా తయారుచేసినదే. కాబట్టి ఒక మట్టిపొరలో ఒకప్పుడు ఏ పక్షం పైచేయిగా ఉండేదో తెలిస్తే, అక్కడికి నది నీరు చేరేదా, సముద్రపు నీరు చేరేదా అన్నది కూడా తెలుస్తుంది. ఒక్కొక్క జీవి పేరు తెలుసుకోవడం కన్నా వాటి పొత్తును తెలుసుకోవడంలో ఎక్కువ ఫలితం ఉన్నది ఇందుకే.

ఇక డీఎన్‌ఏ సంగతి. బతికున్న కణం తన డీఎన్‌ఏకు తగిలిన దెబ్బలను ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటుంది. కణం చనిపోయాక ఆ మరమ్మతు ఆగిపోతుంది. ముందు కణంలోని ఎంజైములు, పక్కనున్న బాక్టీరియా ఆ పోగును తెగ్గొడతాయి. తర్వాత నీరే నిదానంగా పనిచేస్తుంది. డీఎన్‌ఏ రాతకు అక్షరాలైన నాలుగు క్షారాల్లో అడెనిన్, గ్వానిన్ అనేవి పోగు నుంచి ఊడిపోతాయి, ఊడిన చోట పోగు తెగుతుంది. చివరికి మిగిలేవి ఎక్కువగా వంద అక్షరాలకు లోపు ముక్కలు. బాక్టీరియా జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ రాత, మామూలుగా లక్షల అక్షరాల పొడవు ఉంటుందని గుర్తుచేసుకుంటే నష్టం ఎంతో అర్థమవుతుంది.

నీరు చేసే పని ఇంకొకటి ఉంది. సైటోసిన్ అనే అక్షరం నీటి చర్యకు లోనై యురాసిల్‌గా మారుతుంది. డీఎన్‌ఏను చదివే యంత్రం దాన్ని థైమిన్‌గా చదువుతుంది. అంటే పాత డీఎన్‌ఏలో 'సి' ఉండాల్సిన చోట 'టి' కనబడుతుంది. ఈ మార్పు ముక్క నడుమ కన్నా కొసల్లో చాలా ఎక్కువ. కొసల దగ్గర జంటపోగు విడిపోయి ఒంటిపోగు బయటపడి ఉంటుంది, దాన్ని కాపాడే రెండో పోగు అక్కడ ఉండదు.

మన ఇళ్లలో అటక మీది తాటాకు కట్టలను చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల అలాంటి కట్టలు భద్రంగా ఉన్నాయి గానీ, ఇళ్లలో మిగిలినవాటి స్థితి వేరు. దారం తెగి, నాలుగైదు గ్రంథాల ఆకులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చాలా ఆకులు ముక్కలై ఉంటాయి. తాటాకు ముందుగా చివికేది అంచుల్లోనే. అటువంటి కట్టలో నిన్నగాక మొన్న చేర్చిన ఆకు ఉంటే, దాని నిగనిగలాడే అంచును చూసే పట్టేయవచ్చు. పురాతన డీఎన్‌ఏ పరిశోధకులు చేసేది సరిగ్గా ఇదే. కొసల్లో ఆ 'సి'-'టి' చెరుగుడు లేని ముక్కల గుంపును వాళ్లు పాతదని ఒప్పుకోరు. శిథిలమైన గుర్తే ప్రాచీనతకు సాక్ష్యం. అయితే ఒక్క ముక్కను చూసి తీర్పు చెప్పలేం. ఒకచోట కనిపించిన 'టి' ఆ జీవికి సహజంగా ఉన్నదే కావచ్చు. ఒకే జీవికి చెందిన వందల, వేల ముక్కలను పక్కపక్కన పేర్చి, కొసల్లో మార్పు ఎంత శాతం, నడుమ ఎంత శాతం అని లెక్కగడితేనే ఆ గుంపు వయసు గురించి మాట్లాడగలం.

ఈ పరీక్ష ఎందుకు తప్పనిసరి అయిందో చెప్పడానికి ఒక చరిత్ర ఉంది. 1984లో, అంతరించిపోయిన క్వాగా అనే జీబ్రా లాంటి జంతువు చర్మం నుంచి 229 అక్షరాల డీఎన్‌ఏను చదవడంతో ఈ రంగానికి ఊపు వచ్చింది. 1994లో ఎనిమిది కోట్ల ఏళ్ల నాటి ఎముకలో డీఎన్‌ఏ దొరికిందని ప్రకటించారు. మరుసటి ఏడాదికే అది మనిషి డీఎన్‌ఏ అని తేలింది. ఆ దెబ్బ తర్వాతే పద్ధతులు గట్టిపడ్డాయి. ఆ క్రమశిక్షణను నిలబెట్టినవారిలో ముందువరుసలో ఉన్న స్వాంటే పాబోకు 2022లో నోబెల్ వచ్చింది. మనిషి ఎముకలో మనిషి డీఎన్‌ఏ కలిస్తేనే ఇంత చిక్కైతే, బాక్టీరియా నిండిన మట్టిలో పాత బాక్టీరియాను వెతకడం మరింత చిక్కు. అక్కడ కల్తీ అనేది బయటి నుంచి రానక్కరలేదు, ఆ మట్టిలోనే నివసిస్తుంది.

వేడి నేలల్లో ఇంకో కష్టం తోడవుతుంది. న్యూజిలాండ్‌లో అంతరించిన మోవా పక్షి ఎముకలు 158 తీసుకుని 2012లో ఒక లెక్క కట్టారు. సగటున 13.1 డిగ్రీల ఉష్ణోగ్రతలో, వాళ్లు కొలిచిన 242 అక్షరాల నిడివి గల డీఎన్‌ఏ ముక్కలకు అర్ధాయువు 521 ఏళ్లు. అంటే ప్రతి 521 ఏళ్లకూ మిగిలినవాటిలో సగం తెగిపోతాయి. మన తీరంలో ఏడాది సగటు 28 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ తెగుడు వేగం పెరుగుతుంది. హరియాణాలోని రాఖీగఢీలో హరప్పా నాటి 61 అస్థి నమూనాలను పరీక్షిస్తే, 2019లో ప్రచురించిన ఫలితంలో జీనోమ్ సమాచారం ఇచ్చింది ఒక్క వ్యక్తి అవశేషమే. కాబట్టి గోదావరి బురదలో లక్షల ఏళ్ల ఆశ పెట్టుకోకూడదు. వందల ఏళ్లు, మహా అయితే కొద్ది వేల ఏళ్లు అనుకోవడం న్యాయం.

అయినా డెల్టా మట్టికి ఒక బలం ఉంది, దాన్ని తక్కువ చేయలేం. గోదావరి పరీవాహకంలో చాలా భాగం దక్కను నల్లరాతి నేల. ఆ రాయి చివికి రేగడి అవుతుంది, రేగడిలో ప్రధానమైన బంకఖనిజం స్మెక్టైట్. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే గుణం దానిదే. పలుచటి పలకల్లా ఉండే ఆ రేణువులు డీఎన్‌ఏను గట్టిగా పట్టుకుంటాయి. అలా పట్టుకున్న డీఎన్‌ఏ ఎంజైములకు త్వరగా చిక్కదు. గ్రీన్‌ల్యాండ్ ఉత్తర కొసన, కాప్ కోబెన్‌హావ్న్ అనే చోట 20 లక్షల ఏళ్ల నాటి డీఎన్‌ఏ దొరికిందని 2022లో వెలువడిన పరిశోధనలో, అది అంతకాలం నిలవడానికి మంచు చలితోపాటు ఇలా ఖనిజాలను పట్టుకుని ఉండడం కూడా కారణమని చూపించారు. అదే పట్టు ప్రయోగశాలలో అడ్డంకి కూడా. స్మెక్టైట్ తాను పట్టుకున్నదాన్ని అంత తేలిగ్గా వదలదు. నల్లరేగడి తడిసిన కాళ్లను వదలనట్టే ఉంటుంది దాని వ్యవహారం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. బురదలో బతికున్నవాటినీ చచ్చినవాటినీ ఎలా వేరుచేయాలి? మామూలు నేలల్లో కూడా బాక్టీరియా, శిలీంధ్రాల డీఎన్‌ఏలో సగటున 40 శాతం చచ్చిన కణాలదో, కణం బయట పడి ఉన్నదో అని 2016లో తేల్చారు. కొసల చెరుగుడు ఒక గీటురాయి. కణాలను పగలగొట్టకుండా, కణం బయట మట్టికి అంటుకున్న డీఎన్‌ఏను మాత్రమే ముందు కడిగి తీయడం మరొక ఉపాయం. నా దృష్టిలో వీటన్నిటికన్నా నమ్మదగినది ఇంకొకటి ఉంది. పూడిపోయిన తర్వాత అక్కడ బతకడానికి ఏమాత్రం వీల్లేని జీవుల సాక్ష్యాన్ని ముందు వినాలి. వెలుతురుతో బతికే సయనోబాక్టీరియా, డయాటమ్‌లనే ఒంటికణపు నాచుజీవులు పది మీటర్ల లోతు చీకటి బురదలో పెరగలేవు. వాటి డీఎన్‌ఏ అక్కడ దొరికిందంటే, అవి ఆ పొర పైపొరగా ఉన్న రోజుల్లో బతికినవో, నీటితో కొట్టుకొచ్చి పడినవో అయి ఉండాలి. సల్ఫేట్ బాక్టీరియా, మీథేన్ ఆర్కియా అలా కాదు. అవి పూడిన తర్వాత కూడా ఏళ్ల తరబడి బతకగలవు, కొత్తగా వచ్చి చేరగలవు. ఉప్పునీటి చరిత్ర చెప్పడానికి బాగా పనికొస్తాయని ఇంతకుముందు చెప్పుకున్న సాక్షులే ఎక్కువ అనుమానించాల్సినవి కూడా. కాబట్టి వాటి మాటను చెరుగుడు పరీక్షతో, వెలుతురు జీవుల మాటతో, గుల్లల వంటి ఇతర ఆధారాలతో కలిపి చూడకుండా ఒంటరిగా తీసుకోకూడదు. పైగా, గట్టి పెంకుతో ఏళ్ల తరబడి నిద్రపోయే సిద్ధబీజాల్లో డీఎన్‌ఏ అంతగా చెడదు. దానివల్ల ఆ రకాలు అసలు ఉన్నదానికన్నా ఎక్కువగా లెక్కకు వస్తాయి. అందుకని ఫలానా జీవి ఇంత శాతం ఉండేదని చెప్పే అంకెను నిన్నటి జనాభా లెక్కలా చదవడం పొరపాటు.

పొరల మధ్య కదలిక ఇంకొక చిక్కు. న్యూజిలాండ్‌లోనే 2007లో, గొర్రెలు ఆ దీవికి రాకముందు ఏర్పడిన పొరల్లో గొర్రె డీఎన్‌ఏ కనిపించింది. పైనుంచి ఇంకిన నీరు దాన్ని కిందికి దింపింది. రోజుకు రెండుసార్లు పోటు, ఆటు నడిచే మడ బురదలో, పీతలు బొరియలు తవ్వి కింది మట్టిని పైకి తెచ్చే చోట, ఈ అనుమానాన్ని ప్రతి పొర దగ్గరా పెట్టుకోవాలి.

ముక్కలను ఏరాక కూర్పు మొదలవుతుంది. ఒక ముక్క చివర, మరో ముక్క మొదలు కలిసే చోట రెంటినీ అతికి, కంప్యూటర్ పొడవైన వరుసలు తయారుచేస్తుంది. ఏ వరుస ఏ జీవిదో తెలియడానికి రెండు గుర్తులు వాడతారు. నాలుగు అక్షరాల డీఎన్‌ఏలో నాలుగేసి అక్షరాల మాటలు 256 రకాలుగా ఏర్పడతాయి. ఒక్కొక్క జీవి వాటిలో కొన్నిటిని ఎక్కువగా, కొన్నిటిని తక్కువగా వాడుతుంది. తాటాకు మీద లేఖకుడి చేతిరాతను గుర్తుపట్టినట్టే ఈ వాడుకను బట్టి వరుసలను గుట్టలుగా వేరుచేస్తారు. రెండోది, నమూనాలో ఒక జీవి ఎంత విస్తారంగా ఉందో దాని వరుసలన్నీ ఇంచుమించు అన్నేసి సార్లు చదవబడతాయి. ఈ రెండూ కలిసి వచ్చిన వరుసల గుట్టను ఒక జీనోమ్‌గా తీసుకుంటారు.

ఇది కేవలం కాగితం మీది పద్ధతి కాదు. అమెరికా నైరుతి ప్రాంతం, మెక్సికోల్లోని పొడి గుహల్లో ఎండిపోయి నిలిచిన, 1,000 నుంచి 2,000 ఏళ్ల నాటి మానవ మలం నమూనాలు ఎనిమిదింటి నుంచి 498 సూక్ష్మజీవ జీనోమ్‌లను కూర్చినట్టు 2021లో ప్రచురించారు. వాటిలో 181 నిజంగా పాతవనీ, మనిషి పేగుల్లోవేననీ గట్టి ఆధారం దొరికింది. ఆ 181లో 39 శాతం అంతకుముందు ఎవరూ వర్ణించని జాతులు. 2023లో, నియాండర్తల్‌లు సహా పాత రాతియుగపు మానవుల పళ్ల గారలో నిలిచిన క్లోరోబియం అనే బాక్టీరియా జీనోమ్‌ను కూర్చి, అందులోని జన్యువులను ఇప్పటి బాక్టీరియాలో పెట్టి, ఆ జన్యువులు తయారుచేసే రసాయనాన్ని మళ్లీ పుట్టించారు. వెలుతురు మీద ఆధారపడే ఆ బాక్టీరియా నోట్లోకి ఎలా వచ్చిందంటే, తాగిన నీటితో అయి ఉండవచ్చని ఒక ఊహ.

కూర్పు కుదరనప్పుడు, దొరికిన ముక్కను తెలిసిన జీనోమ్‌లతో పోల్చి పేరు పెట్టడం ఇంకొక దారి. అక్కడ నాకు ఎక్కువ భయం. జీనోమ్ భండారాల్లో మనిషికి రోగం తెచ్చే జీవులు నిండుగా ఉన్నాయి, మడ బురదలో బతికేవి తక్కువ. తెలియని జీవి ముక్క వస్తే, పోలిక వాటిలో దగ్గరి బంధువు పేరే చెబుతుంది. మట్టిలో సహజంగా ఉండే మైకోబాక్టీరియాలను క్షయ బాక్టీరియాగా పొరబడే ప్రమాదం ఈ రంగంలో బాగా తెలిసినదే. ఏదో ఒక ఊరి చెరువు మట్టిలో ప్రాచీన క్షయ దొరికిందని రేపు ఎక్కడైనా చదివితే, ఎన్ని ముక్కలు దొరికాయి, అవి జీనోమ్ అంతటా పరుచుకున్నాయా, ఒకే మూలన గుంపుగా ఉన్నాయా, కొసల్లో చెరుగుడు ఉందా అని అడగాలి.

సముద్రపు బురదలో ఈ పని మనకు దగ్గరలోనే జరిగింది. అరేబియా సముద్రంలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే నీటి పొర కింద తీసిన మట్టిలోని సూక్ష్మజీవుల డీఎన్‌ఏలో వాతావరణపు హెచ్చుతగ్గుల గుర్తులు ఉన్నాయని 2017లో చూపించారు. గోదావరి ముఖానికి ఆవల 2006 యాత్రలో తీసిన మట్టిస్తంభంలో ఆకుల మైనపు పూతను పరీక్షించి, సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి వరకు పరీవాహకంలో పొడినేల మొక్కలు పెరుగుతూ వచ్చాయని 2012లో ప్రకటించారు. అది డీఎన్‌ఏ ఆధారం కాదు. అందుకే దానికి విలువ. రేపు డీఎన్‌ఏ చెప్పే మాటను సరిచూసుకోవడానికి అది వేరే దారిలో వచ్చిన సాక్షి అవుతుంది.

డెల్టాకు సంబంధించి నేను అన్నిటికన్నా ముందు అడగదలచుకున్న ప్రశ్న ఇంకా దగ్గరి కాలానిది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనను నడిపిన రోజుల్లోనే, బెంజమిన్ డగ్గర్ ఒక మట్టి సూక్ష్మజీవి నుంచి, బాక్టీరియాను అణచే ఆరియోమైసిన్ అనే మందును వెలికితీశారు. 1948లో వెలుగులోకి వచ్చిన ఆ మందే టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. మందు వచ్చాకే దానికి లొంగని గుణం బాక్టీరియాకు అబ్బిందని చాలామంది అనుకుంటారు. కెనడాలోని యూకాన్‌లో 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన నేలలో, టెట్రాసైక్లిన్‌ను ఎదుర్కొనే జన్యువులు అప్పటికే ఉన్నాయని 2011లో నిరూపించారు. సూక్ష్మజీవులు తమలో తాము పోరాడుకునే ఆయుధాలనే మనం మందులుగా తీసుకున్నాం, కవచాలూ వాటి దగ్గర ముందునుంచీ ఉన్నాయి. అందువల్ల మన చెరువుల మట్టిలో నిరోధక జన్యువు దొరికిందన్న ఒక్క మాటతో ఏదీ తేలదు. అది 1948కి ముందు పొరల్లో ఎంత, తర్వాతి పొరల్లో ఎంత అన్నది కావాలి. రొయ్యల సాగులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ల వంటి బాక్టీరియా మందులను నిషేధించాల్సి వచ్చిన ప్రాంతానికి ఈ లెక్క పాతకాలపు ముచ్చట కాదు.

ఆ పొరలకు తేదీ వేసే సాధనాలున్నాయి. రేడియోధార్మికమైన సీసం-210 అర్ధాయువు సుమారు 22 ఏళ్లు కాబట్టి గత నూరు, నూటయాభై ఏళ్ల పొరలను అది లెక్కగడుతుంది. అణుపరీక్షల వల్ల గాలిలో వ్యాపించిన సీజియం-137 చాలా చోట్ల 1963 పొరలో శిఖరంగా కనిపిస్తుంది. అంతకుముందు కాలానికి గుల్లల్లోని కార్బన్-14 ఉంది. 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన వంటివి బురద మీద ఇసుక పొరను పరిచిన చోట అదీ ఒక మైలురాయి. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక పాయల్లో నీటి నడక మారింది, ఆ మార్పును సూక్ష్మజీవుల పొత్తు ఎలా నమోదు చేసుకుందో చూడవచ్చు.

మట్టి తీయడంలోనే సగం పని గెలుస్తుంది లేదా ఓడుతుంది. బోరు మేస్త్రి కుప్పలు ఇందుకు పనికిరావు, గొట్టంలో పోసిన నీరు పొరలన్నిటినీ కలిపేస్తుంది. బోలు గొట్టాన్ని నిలువునా దించి, మట్టిని చెదరకుండా పైకి లాగి, గొట్టాన్ని పొడవునా రెండుగా చీల్చాలి. గొట్టానికి రాసుకున్న బయటి మట్టిని గీకి పారేసి, నడిమి మట్టిని శుభ్రమైన పరికరంతో అడుగు నుంచి పైకి తీసుకోవాలి. పై పొరల్లో డీఎన్‌ఏ ఎక్కువ, అది కిందికి అంటకూడదు. నమూనా వేయని ఖాళీ పరీక్షనాళికలను కూడా అన్ని దశల్లోనూ వెంట నడపాలి. అప్పుడే రసాయనాల్లోంచి, చేతుల్లోంచి వచ్చిన డీఎన్‌ఏ ఏదో తెలుస్తుంది. నమూనాలను చల్లగా ఉంచడానికి ఇక్కడ సులువుగా దొరికేది రొయ్యల పెట్టెల్లో వేసే ఐసు. కరిగిన ఐసు నీటి చుక్క నమూనాకు తగిలితే, ఆ ఐసు చేసిన నీటి బాక్టీరియా అంతా అందులో చేరినట్టే.

గొట్టం దించాల్సిన చోటు పారా, పొక్లెయినూ తాకనిదై ఉండాలి. కోరింగ మడ అడవుల్లో, పూడిన పాత పాయల్లో అలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. వరిచేలు చెరువులైన ఊళ్లలో మాత్రం పైపొరలు గట్ల మీదికి ఎక్కిపోయాయి. మొన్న అలాంటి ఒక గట్టు తెగిన చోట చూశాను. గోధుమరంగు ఒండ్రు గడ్డల మధ్య నల్లటి బంకమట్టి గడ్డలు, వాటిలో ఆ తెల్ల గుల్లలే ఉన్నాయి. ఆనకట్టకు ముందటి బురద, సీజియం రాలిన తర్వాతి బురద ఒకే పార దెబ్బకు కలిసి, ఎండి నెర్రెలిచ్చి ఉన్నాయి.